పాత వెర్షన్‌కు మరమ్మతు చేసేది ఎవరు?

2018 ఫిబ్రవరిలో మన తెలుగు అక్షరం ఒకటి ప్రపంచమంతటా వార్తల్లోకెక్కింది. అది 'జ్ఞా'. జకు ఞ వత్తు, ఆపైన దీర్ఘం. వాటి నడుమ కంటికి కనబడని ఒక కోడ్ గుర్తు కూడా చేరి వస్తే చాలు, ఐఫోన్‌లో ఆ మెసేజ్ తెరిచిన యాప్ అక్కడికక్కడే మూసుకుపోయేది. మళ్ళీ తెరిస్తే మళ్ళీ అంతే. అప్పట్లో అందరి ఫోన్లలో ఉన్నది ఐఓఎస్ 11.2.5. విచిత్రమేమిటంటే ఆపిల్ సంస్థ తయారుచేస్తున్న తర్వాతి వెర్షన్ 11.3, పరీక్ష దశలో ఉండగానే, ఈ లోపం నుంచి బయటపడింది. కానీ 11.3 జనం చేతికి వచ్చింది మార్చి 29న. అంతవరకు ఆగకుండా ఫిబ్రవరి 19న ఆపిల్ 11.2.6 అనే చిన్న విడుదల ఇచ్చింది. మ్యాక్ కంప్యూటర్లకూ, వాచీలకూ అదే రోజు మరమ్మతు అందింది.

ఒక్క క్షణం ఆలోచించండి. లోపం కొత్త వెర్షన్‌లో ముందే పోయింది. అయినా కోట్లమంది వాడుతున్న పాతదానిలో అలాగే ఉండిపోయింది. కొత్తది ఇంకా పూర్తిగా సిద్ధం కాలేదు కనుక తొందరపడి అందరికీ ఇవ్వడానికి లేదు. ఇవ్వకుండా ఊరుకోవడానికీ లేదు. అందుకని పాతదానికి ఆ ఒక్క మరమ్మతు మాత్రం చేసి, మిగతాదేదీ కదపకుండా, చివరి అంకె ఒకటి పెంచి విడుదల చేశారు. దీన్నే మెయింటెనెన్స్ రిలీజ్ అంటారు. ఇంజనీరింగ్, బీసీఏ, పాలిటెక్నిక్ చదివే మన పిల్లలకు కోడ్ రాయడం నేర్పుతారు గానీ, రాసిన కోడ్‌ను ఏళ్ల తరబడి ఎలా కాపాడుకోవాలో పాఠంలో చెప్పేది తక్కువ. ఈ వ్యాసం దాని గురించే.

ఆపిల్ కంపెనీ లోపల ఏం జరుగుతుందో మనకు కనబడదు. ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌లో అలా కాదు. ఏ మార్పు ఎవరు చేశారు, ఎందుకు చేశారు, ఏ తేదీన చేశారు, ఎవరు ఒప్పుకున్నారు అన్నదంతా బహిరంగంగా ఉంటుంది. పైసా ఖర్చు లేకుండా కూర్చుని చదువుకోవచ్చు. అందుకే ఉదాహరణలు అక్కడి నుంచే తీసుకుంటున్నాం.

రెండు సిలబస్‌లు ఒకేసారి

తల్లిదండ్రులకు సులభంగా అర్థమయ్యే పోలిక ఒకటి ఉంది. అన్నా విశ్వవిద్యాలయం 2017 రెగ్యులేషన్ కింద చేరిన విద్యార్థి, 2021లో కొత్త రెగ్యులేషన్ వచ్చినంత మాత్రాన మధ్యలో సిలబస్ మార్చుకోడు. పాతదానితోనే చదువు ముగిస్తాడు. అరియర్స్ ఉంటే పాత పేపరే రాస్తాడు. అంటే విశ్వవిద్యాలయం కొన్నేళ్ల పాటు రెండు రకాల ప్రశ్నపత్రాలు తయారుచేయాలి. పాత పాఠంలో తప్పు దొరికితే సరిదిద్దుతారు, కానీ పాత సిలబస్‌లో కొత్త పాఠాలు చేర్చరు. చేరిస్తే చదువుకుంటున్నవాడి గతేమిటి? కొంతకాలానికి ఆ పాత రెగ్యులేషన్‌ను మూసేస్తారు.

సాఫ్ట్‌వేర్‌లోనూ ఇదే. కొత్త పనులన్నీ జరిగే ప్రధాన వరుస ఒకటి ఉంటుంది. దాన్ని మెయిన్ అంటారు, చెట్టు మాను అనుకోండి. ఒక దశలో ఇక చాలు అని, అప్పటికి ఉన్నదాన్ని పరీక్షించి విడుదల చేస్తారు. అది స్టేబుల్ రిలీజ్. ఆ చోటి నుంచి ఒక కొమ్మను విడదీస్తారు. అదే మెయింటెనెన్స్ బ్రాంచి. మాను పైకి పెరుగుతూనే ఉంటుంది. కొమ్మ మీద మాత్రం పెరుగుదల ఉండదు, మరమ్మతులే.

కృష్ణగిరి జిల్లాలో మామిడి తోట ఉన్నవారికి అంటు కట్టడం తెలుసు. మాను మీద చేసిన ఒక మరమ్మతును తీసుకుని పాత కొమ్మకు అతికించడం దాదాపు అలాంటిదే. గిట్ అనే పనిముట్టులో దీనికి చెర్రీ పిక్ అని పేరు. అయితే అంటు అన్నిసార్లూ అతకదు. రెండేళ్లలో మాను మీది కోడ్ మారిపోయి ఉంటుంది. ఆ మరమ్మతు ఆధారపడిన ఫంక్షన్ పాత కొమ్మలో ఉండకపోవచ్చు. అప్పుడు అదే మరమ్మతును పాత కోడ్‌కు తగినట్లు మళ్ళీ రాయాలి. దాన్ని బ్యాక్‌పోర్ట్ అంటారు. కొత్తగా రాయడం కన్నా ఇది కష్టమైన పని. కొత్త కోడ్, పాత కోడ్ రెండూ తెలిసి ఉండాలి. రెండింటికీ నడుమ ఏం మారిందో కూడా తెలియాలి.

లైనక్స్ నేర్చుకున్న పాఠం

లైనస్ టోర్వాల్డ్స్ 1991లో మొదలుపెట్టిన లైనక్స్ కెర్నెల్‌లో చాలాకాలం ఒక పద్ధతి ఉండేది. రెండో అంకె సరిసంఖ్య అయితే స్టేబుల్, బేసిసంఖ్య అయితే ప్రయోగాలకు. 2.4 జనానికి, 2.5 డెవలపర్లకు. చెప్పుకోవడానికి ముచ్చటగా ఉంది. నడపడంలోనే చిక్కు వచ్చింది. 2.4 వచ్చింది 2001 జనవరిలో. దాని తర్వాతి స్టేబుల్ 2.6 వచ్చేసరికి 2003 డిసెంబరు. దాదాపు మూడేళ్లు. కొత్త హార్డ్‌వేర్ బజారులోకి వస్తూనే ఉంది, వినియోగదారులు ఆగరు. అందువల్ల లైనక్స్‌ను అమ్మే కంపెనీలు 2.5లోని కొత్త సంగతులను తలా ఒక విధంగా 2.4లోకి వెనక్కి తెచ్చి అతికించుకున్నాయి. పేరుకు అందరిదీ 2.4. లోపల చూస్తే ఎవరిది వారిది. ఒక కంపెనీ దానిలో పోయిన లోపం ఇంకొకరి దానిలో ఉండేది.

2.6 తర్వాత ఆ సరి బేసి పద్ధతిని వదిలేశారు. కొత్త వెర్షన్లు వెంటవెంటనే వస్తాయి. ఇప్పుడు 9, 10 వారాలకు ఒకటి చొప్పున. మొదటి రెండు వారాలు కొత్త మార్పులు తీసుకుంటారు, ఆ తర్వాత తలుపు మూసి వారానికొక పరీక్ష విడుదల ఇస్తూ లోపాలు మాత్రమే సరిచేస్తారు. మరి ఒక వెర్షన్ విడుదలయ్యాక అందులో లోపం బయటపడితే, తర్వాతి వెర్షన్ దాకా ఆగాలా? ఈ ప్రశ్నకు జవాబుగా 2005 మార్చిలో గ్రెగ్ క్రోవా హార్ట్‌మన్, క్రిస్ రైట్ అనే ఇద్దరు 2.6.11.1 విడుదల చేసి స్టేబుల్ బ్రాంచిని ప్రారంభించారు. ఇది మనిషిని విసిగించే పని అని టోర్వాల్డ్సే ముందుగా హెచ్చరించాడు. గ్రెగ్ ఆ పనిలో ఇరవై ఏళ్లు దాటినా కొనసాగుతున్నాడు. తర్వాత సాషా లెవిన్ కూడా తోడయ్యాడు.

వారు పెట్టుకున్న నియమాలు విద్యార్థులు తప్పక చదవాలి. ఒక పేజీకి మించవు. మరమ్మతు నిజమైన ఇబ్బందిని తీర్చేదై ఉండాలి, 'ఇలా కూడా జరగవచ్చేమో' అనే ఊహకు చోటు లేదు. చుట్టుపక్కల వరుసలతో కలిపి 100 లైన్లు మించరాదు. చూడగానే సరైనదని తెలియాలి, పరీక్షించి ఉండాలి. అక్షరదోషాలు దిద్దడం, కోడ్‌ను అందంగా సర్దడం వంటివి ఇక్కడికి తేకూడదు.

వీటన్నిటికన్నా ముఖ్యమైన నియమం ఇంకొకటి ఉంది. మరమ్మతు ముందు మానులోకి, అంటే టోర్వాల్డ్స్ దగ్గరున్న ప్రధాన వరుసలోకి చేరాలి. ఆ తర్వాతే కొమ్మకు. ఎందుకీ పట్టుదల? కొమ్మకు మాత్రమే మరమ్మతు చేసి మానును మరిచిపోయారనుకోండి. ఇవాళ పాత వెర్షన్ వాడేవాడికి లోపం పోయింది. రేపు వాడు నమ్మకంతో కొత్త వెర్షన్‌కు మారితే పోయిన లోపం తిరిగి వస్తుంది. ఒకసారి అలా జరిగితే అతడు మళ్ళీ ఎప్పుడూ కొత్త వెర్షన్ జోలికి పోడు. చిన్న ప్రాజెక్టుల్లో ఎక్కువగా జరిగే పొరపాటు ఇదే. వినియోగదారుడు ఫోన్ చేశాడు కదా అని అతడి కాపీలోనే సరిచేసి పంపేసి, అసలు కోడ్‌లో సరిచేయడం వదిలేస్తారు.

ఇన్ని వెర్షన్లలో అన్నిటినీ ఏళ్ల తరబడి చూసుకోవడం ఎవరి తరమూ కాదు. కాబట్టి మామూలు స్టేబుల్ వెర్షన్‌కు తర్వాతిది వచ్చిన కొద్ది వారాలకే మరమ్మతులు ఆపేస్తారు. ఏడాదికి ఒకదాన్ని మాత్రం ఎంచి కనీసం రెండేళ్లు నిలబెడతారు. దాన్ని ఎల్‌టీఎస్, అంటే దీర్ఘకాల మద్దతు వెర్షన్ అంటారు. కొన్ని అంతకన్నా ఎక్కువ బతికాయి. 2009 డిసెంబరులో వచ్చిన 2.6.32కు 2016 దాకా మరమ్మతులు అందాయి. చివరి సంవత్సరాల్లో దాన్ని చూసుకున్నది విల్లీ టారో. హెచ్‌ఏ ప్రాక్సీ అనే ప్రసిద్ధ ప్రోగ్రామ్ రాసినవాడు. అంతటి పేరున్న మనిషి పాత వెర్షన్‌కు మాసికలు వేస్తూ కూర్చున్నాడంటే, ఆ పని విలువ ఏమిటో ఊహించుకోవచ్చు.

పాత నంబరు, లోపల కొత్త మరమ్మతు

డెబియన్ పేరు మన రాష్ట్రంలో కొందరు తల్లిదండ్రులు తెలియకుండానే ఇంట్లోకి తెచ్చుకున్నారు. 2011 నుంచి తమిళనాడు ప్రభుత్వం ప్లస్ టూ, కాలేజీ పిల్లలకు ఇచ్చిన ఉచిత లాప్‌టాప్‌లలో విండోస్‌తో పాటు బాస్ లైనక్స్ ఉండేది. చెన్నై సీడాక్ తయారుచేసిన ఆ బాస్‌కు పునాది డెబియన్. చాలామంది పిల్లలు దాన్ని ఒక్కసారి కూడా తెరవలేదన్నది వేరే సంగతి.

డెబియన్‌లో మూడు మెట్లు ఉంటాయి. కొత్త సరుకు మొదట అన్‌స్టేబుల్‌లోకి వస్తుంది. కొన్ని రోజులు అక్కడ పెద్ద లోపాలు బయటపడకపోతే టెస్టింగ్‌లోకి పోతుంది. సుమారు రెండేళ్లకోసారి టెస్టింగ్‌ను కదలకుండా బిగించి, లోపాలు తీసి, స్టేబుల్‌గా విడుదల చేస్తారు. 12వ వెర్షన్ 2023 జూన్‌లోనూ, 13వది 2025 ఆగస్టులోనూ వచ్చాయి. ఒక్కోదానికి మూడేళ్లు మామూలు మద్దతు, ఆపైన రెండేళ్లు ఎల్‌టీఎస్, మొత్తం ఐదేళ్లు.

స్టేబుల్‌లో ఉన్నవన్నీ పాతవేనని విద్యార్థులు తీసిపారేస్తుంటారు. నంబరు చూసి మోసపోకూడదు. 2024 జులై 1న ఓపెన్ ఎస్ఎస్‌హెచ్ అనే ప్రోగ్రామ్‌లో ఒక తీవ్రమైన లోపం వెల్లడైంది. దూరాన ఉన్న సర్వర్లలోకి లాగిన్ కావడానికి ప్రపంచమంతా వాడేది అదే. అసలు రచయితలు 9.8 విడుదల చేసి సరిచేశారు. డెబియన్ 12లో ఉన్నది 9.2. డెబియన్ వారు 9.8కి మారలేదు. ఆ మరమ్మతును మాత్రమే 9.2లోకి తెచ్చారు, నంబరు చివర డెబ్12యూ3 అని ఒక తోక చేర్చారు. తోక చూడనివాడు 9.2 అంటే ఇంకా లోపం ఉందనుకుంటాడు. ఇంటర్వ్యూలో ఈ ఒక్క సంగతి సరిగా వివరించగలిగిన కుర్రవాడిని ఎవరైనా ఆసక్తిగా వింటారు.

ఈ నిదానమే ఒకసారి ప్రపంచాన్ని కాచింది. ఫైళ్లను కుదించే ఎక్స్‌జెడ్ అనే చిన్న ప్రోగ్రామ్ ఉంది. దాన్ని లాస్సే కాలిన్ అనే ఆయన ఏళ్లుగా జీతం లేకుండా చూసుకుంటూ వచ్చాడు. జియా టాన్ అనే పేరుతో ఒకరు వచ్చి, చాలాకాలం మంచి మరమ్మతులు పంపి నమ్మకం సంపాదించి, విడుదలలు చేసే అధికారం పొందారు. 2024 ఫిబ్రవరి, మార్చి నెలల్లో విడుదలైన 5.6.0, 5.6.1 వెర్షన్లలో ఒక దొడ్డిదారి తలుపు దాచిపెట్టారు. దాని ద్వారా ఎవరి సర్వర్‌లోకైనా దూరవచ్చు. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ మీద పనిచేసే ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు, డెబియన్ అన్‌స్టేబుల్ మీద పరీక్షలు చేస్తూ, లాగిన్‌కు అర సెకను ఎక్కువ పడుతోందేమిటని తవ్వి చూశాడు. మార్చి 29న విషయం బయటపెట్టాడు. అప్పటికి ఆ సరుకు అన్‌స్టేబుల్, టెస్టింగ్ మెట్ల దాకా వచ్చింది. స్టేబుల్‌లో ఇంకా 5.4 వరుసే ఉంది. లక్షల సర్వర్లు నడిచే చోటికి దొడ్డిదారి చేరలేదు.

దీన్ని బట్టి పాతదే ఎప్పుడూ క్షేమం అనుకోకూడదు. మరమ్మతు అందే పాతది వేరు, వదిలేసిన పాతది వేరు. 2021 డిసెంబరులో లాగ్4జే అనే జావా లైబ్రరీలో బయటపడిన లోపం ఇందుకు ఉదాహరణ. నిర్వాహకులు ఆ నెలలోనే 2.15 మొదలు 2.17.1 దాకా నాలుగు విడుదలలు ఇచ్చారు. అక్కడితో ఆగకుండా జావా 7 వాడేవారికి 2.12.2, జావా 6 వాడేవారికి 2.3.1 అని పాత కొమ్మలకూ మరమ్మతు చేశారు. కొత్త జావాకు మారలేని సంస్థలు ఎన్ని ఉంటాయో వారికి తెలుసు. ఆ లైబ్రరీ 1 వరుసకు మాత్రం 2015 ఆగస్టులోనే సెలవు చెప్పేశారు. దాన్ని ఇంకా వాడుతున్నవారి బాధ్యత వారిదే అయింది.

సెలవు చెప్పడం కూడా ఒక పద్ధతిగా చేయాలి. పైథాన్ 2.7 వచ్చింది 2010 జులైలో. దానికి మద్దతు 2015తో ఆపాలని ముందు అనుకున్నారు. జనం పైథాన్ 3కి మారడం ఆలస్యమైందని 2014లో గడువును ఐదేళ్లు పొడిగించి 2020 జనవరి 1 అని ప్రకటించారు. చివరి విడుదల 2.7.18 ఆ ఏడాది ఏప్రిల్‌లో ఇచ్చి మూసేశారు. ఇప్పుడు ఏటా అక్టోబరులో కొత్త పైథాన్ వస్తుంది, ఒక్కోదానికి ఐదేళ్లు మద్దతు. మొదట అన్ని లోపాలూ సరిచేస్తారు, ఆ తర్వాత భద్రతకు సంబంధించినవి మాత్రమే. ఏ వెర్షన్ ఎప్పుడు ముగుస్తుందో విడుదలకు ముందే ప్రకటిస్తారు. ప్రాజెక్ట్ మొదలుపెట్టే ముందు పిల్లలు ఆ తేదీ చూసుకోవాలి. ల్యాబ్‌లో ఉన్న వెర్షన్‌తోనే చేయమని కాలేజీ చెబితే చేయండి, కానీ ఆ వెర్షన్ గడువు ఎప్పుడు తీరుతుందో, తీరితే ఏం చేయాలో రిపోర్టులో ఒక పేరా రాయండి.

ఇంట్లో లాప్‌టాప్ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. విండోస్ 10కి మామూలు ఉచిత మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 ఎక్కని పాత యంత్రాన్ని పారేయనక్కరలేదు. డెబియన్ స్టేబుల్ గానీ, ఉబుంటు ఎల్‌టీఎస్ గానీ వేస్తే భద్రతా మరమ్మతులు అందుతూనే ఉంటాయి, చదువుకూ సరిపోతుంది. ముందుగా ఫైళ్లన్నీ వేరేచోట దాచుకుని, తెలిసినవారి సాయంతో చేయించండి.

సపోర్ట్ ప్రాజెక్ట్ అని చిన్నబుచ్చుకోవద్దు

మన పిల్లలు బెంగళూరులో ఉద్యోగంలో చేరి 'సపోర్ట్ ప్రాజెక్ట్‌లో వేశారు నాన్నా' అంటే ఇంట్లో ముఖాలు వాడిపోతాయి. కొత్తది కట్టేవాడు గొప్ప, పాతది చూసుకునేవాడు తక్కువ అన్న భావన ఉంది. హోసూరు కార్ఖానాల్లో పనిచేసే తండ్రులు ఈ మాట ఒప్పుకోరు. కొత్త మోడల్ బండి వచ్చినంత మాత్రాన పాత మోడల్‌కు స్పేర్ పార్టులు ఆపేస్తే ఆ కంపెనీ బండి మళ్ళీ ఎవరు కొంటారు? కాకపోతే, సపోర్ట్ పేరుతో రాత్రి షిఫ్టుల్లో టికెట్లు మూసే పని మాత్రమే చేయించి, కోడ్ ముట్టుకోనివ్వని చోట్లు కూడా ఉన్నాయి. చేరేటప్పుడే 'లోపం సరిచేసేది మేమేనా, ఇంకొకరికి పంపడమేనా' అని అడిగి తెలుసుకోవడం మంచిది.

ఓపెన్ సోర్స్‌లో ఈ పనిలోకి దిగడానికి ఎవరి సిఫారసూ అక్కరలేదు. తెలుగు చదవడం, రాయడం వచ్చిన పిల్లలకు ఒక దారి అనువాదం. గ్నోమ్ అనే డెస్క్‌టాప్ ఆరు నెలలకోసారి విడుదలవుతుంది. ప్రతి విడుదలకు ముందు తెర మీది మాటలను ఇక మార్చకుండా బిగిస్తారు. దీన్ని స్ట్రింగ్ ఫ్రీజ్ అంటారు. స్టేబుల్ బ్రాంచిలో ఒక్క ఇంగ్లీషు వాక్యం మార్చాలన్నా అనువాదకుల అనుమతి కావాలి. లేకపోతే పూర్తయిన తెలుగు తెరలో ఉన్నట్టుండి ఇంగ్లీషు ముక్క ఒకటి తేలుతుంది. తెలుగు అనువాదకుడు కూడా ఏ బ్రాంచికి పనిచేస్తున్నాడో చూసుకుని పని మొదలుపెట్టాలి.

ఇంకో దారి, ఎవరో తెలియజేసిన లోపం పాత బ్రాంచిలో కూడా ఉందో లేదో చూసి చెప్పడం. కోడ్ రాయనక్కరలేదు. రెండు వెర్షన్లూ వేసుకుని, అదే పని రెండింటిలోనూ చేసి, ఏం జరిగిందో ఉన్నదున్నట్లు రాస్తే చాలు. నిర్వాహకులకు సమయం చాలనిది సరిగ్గా ఇక్కడే.

లైనక్స్ స్టేబుల్ విడుదలకు ముందు ప్రతిసారీ పరీక్ష కాపీ ఒకటి ఇచ్చి సుమారు రెండు రోజులు గడువు పెడతారు. ఆ గడువులో ఎవరైనా దాన్ని తమ యంత్రంలో కంపైల్ చేసి, బూట్ చేసి, వైఫై, శబ్దం, సస్పెండ్ పనిచేస్తున్నాయో లేదో చెప్పవచ్చు. పెద్ద కంపెనీల దగ్గర లేని పాత లాప్‌టాప్ మోడల్ మీ దగ్గర ఉంటే మీ మాటకు ఇంకా విలువ ఎక్కువ. అలా పరీక్షించి చెప్పినవారి పేర్లు ఆ విడుదల రికార్డులో 'టెస్టెడ్ బై' అన్న వరుసలో చేరుతాయి. మొదటిసారి కెర్నెల్ కంపైల్ చేయడానికి పాత యంత్రం మీద గంటలు పట్టవచ్చు, కనుక శనివారం ఉదయం మొదలుపెట్టండి.